తోడికోడళ్ల తెర

నాకు మా అక్కంటే గిట్టదు. ముందే చెప్పేస్తే పీడా పోతుంది. అక్కంటే తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. మా బావగారి భార్య. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే వంటగదిలో ఒకరికొకరం తగలకుండా తిరుగుతాం, ఖర్మ కాలి ఒకే బడిలో పాఠాలు చెబుతాం. ఆ ఉద్యోగం నాకు వేయించింది తనేనని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ, చివరికి గ్యాసు బండ తెచ్చినవాడికి కూడా చెబుతుంది. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. మావి ఇంట్లోనూ ఇమడలేదు, బడిలోనూ ఇమడలేదు.

బడిలో మా ఇద్దరికీ గది ఒకటే. మొదటి పీరియడ్ నాది, పెద్ద పిల్లలకి లెక్కలు. రెండోది తనది, ఒకటో తరగతికి అక్షరాలు. నేను తాటిచెట్టంత ఉంటాను కాబట్టి పిల్లలు నాకు నిచ్చెన టీచర్ అని పేరు పెట్టారు. అక్క నా భుజం దాకా కూడా రాదు. తనని మరచెంబు టీచర్ అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో తెలిస్తే వాడికి నూటికి నూరూ వేసేదాన్ని.

ఈ ఏడాది ఆ గదికి కొత్త తెర వచ్చింది. నల్లబల్ల పీకేసి ఆ గోడకి బిగించారు. రెండు తలుపులు పక్కపక్కన పెట్టినంత వెడల్పు ఉంటుంది. వేలితో రాస్తే రాస్తుంది, చెరిపితే చెరుపుతుంది, అడిగితే పాట కూడా పాడుతుంది. పెద్ద పిల్లలకి పైకీ, చిన్న పిల్లలకి కిందికీ జరపడానికి దాని వెనక మోటారు ఉంది. పక్క గోడమీద తలుపు దగ్గర రెండు బటన్లు, ఒకటి పైకి, ఒకటి కిందికి. బటన్ నొక్కిపట్టినంతసేపే తెర కదులుతుంది, వేలు తీస్తే ఆగుతుంది. ఆ ఏర్పాటు ఊరికే పెట్టలేదు. నొక్కేవాళ్లు అక్కడే నిలబడి తెరని చూస్తూ ఉండాలి, దాని కింద చెయ్యో తలో కనబడితే చటుక్కున వేలు తీసెయ్యాలి, అందుకే పెట్టింది. అడ్డం తగిలితే తనంతట తనే ఆగిపోయే రకం కూడా ఉంటుందట. ఖరీదెక్కువని మావాళ్లు తీసుకోలేదు.

తెర కింద గోడవారగా ఒక పొట్టి బల్ల ఉంది. చిన్నపిల్లలు పుస్తకాలూ పెన్సిల్ డబ్బాలూ దానిమీద పెట్టుకుంటారు. తెర పూర్తిగా దిగితే దాని అంచుకీ ఈ బల్లకీ మధ్య చీమ దూరేంత సందు మిగులుతుంది. చీమకైతే పరవాలేదు.

ఇంతా చేసి ఆ తెర నత్తకి అన్నయ్య. అది పైనుంచి కిందికి దిగేలోపు ఒకటో తరగతి పిల్లలు ఒకళ్ల జుట్టు ఒకళ్లు పట్టుకుంటారు. వాళ్లకి వీపు చూపించి గోడ దగ్గర బటన్ నొక్కుతూ నిలబడటం ఎవరికైనా కష్టమే. ఆ మాట అక్క తరఫున నేనే ఒప్పుకుంటాను. కానీ దానికి తను కనిపెట్టిన ఉపాయం చూడండి. నల్లబల్ల పోయాక బీరువాలో సుద్దముక్కల పెట్టెలు మిగిలిపోయాయి. అందులోంచి ఒక ముక్క తీసి, బటన్‌కీ దాని చుట్టూ ఉన్న చట్రానికీ మధ్య గట్టిగా దోపింది. బటన్ లోపలికి నొక్కుకుని అలాగే ఉండిపోయింది. తెర దాని మానాన అది దిగుతూ ఉంటే, అక్క నిక్షేపంగా కుర్చీలో కూర్చుని హాజరు వేసుకోవడం మొదలుపెట్టింది. తెర అడుగుకి చేరి ఆగాక లేచి సుద్ద పీకేసేది.

నా టిఫిన్ డబ్బా మరిచిపోయి వెనక్కి వెళ్లిన రోజున అది నా కంటపడింది.

“అక్కా, ఇదేంటి? ఎవరి చెయ్యైనా పడితే?”

“ఎవరి చెయ్యీ పడదు. నా పిల్లలు నా మాట వింటారు. నీ క్లాసులాగ సంత కాదు ఇది.”

“సుద్ద తీసెయ్. అది దిగేదాకా నేను నొక్కి పట్టుకుంటాను.”

“ఇంట్లో నా గిన్నె ఒకటి కడగడానికి ఒళ్లు వంగదు, ఇక్కడ నా బటన్ నొక్కుతుందట! వెళ్లమ్మా వెళ్లు, నీ పీరియడ్ అయిపోయింది.”

సుద్ద లాగి కిటికీలోంచి బయటికి విసిరేశాను. మర్నాడు ఇంకోటి పెట్టింది. అదీ విసిరేశాను. తన దగ్గర పెట్టెలకి పెట్టెలున్నాయి, నా దగ్గర ఉన్నది ఒక్క కిటికీ.

హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, నన్ను కాదు, నా వెనక గోడని చూస్తూ అన్నారు: “అమ్మా, తోడికోడళ్లన్నాక సవాలక్ష ఉంటాయి. వాటిని గేటు బయట వదిలేసి రావాలి. చెప్పుల్లాగ.”

“నేను చెప్పేది తెర గురించండీ.”

“నిన్న చెప్పింది ఫ్యాను గురించి. మొన్న చెప్పింది టైం టేబుల్ గురించి. అన్నిట్లోనూ మీ అక్కే ఉంది.”

ఉంది మరి. ఫ్యాను విషయంలో నేను గిల్లికజ్జా పెట్టుకున్న మాట నిజమే. స్టాఫ్ రూములో సైన్సు టీచరు నన్ను చూడగానే, “ఇవాళ కూరలో ఉప్పు ఎవరెక్కువేశారు?” అంది. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగాక చెబుదామని నిలబడ్డాను. గంట కొట్టారు.

ఇంట్లో మా ఆయనతో చెప్పాను. “వదినకి సుద్ద దొరికింది, నీకు సాకు దొరికింది” అని అటు తిరిగి పడుకున్నాడు. అత్తయ్య అయితే ఇంకో అడుగు ముందుకేసింది. “పెద్దకోడలు కూర్చుంటే తప్పు, లేస్తే తప్పు. ఇప్పుడు గోడమీద బటన్ నొక్కినా తప్పేనా నీకు?” అంది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే కనీసం వాడు ఏం కొరుకుతున్నావని అడుగుతాడు. వీళ్లు అదీ అడగలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. నాకు అక్కంటే గిట్టదనేది నిజం. తెర ఏదో ఒకరోజు ఒక పసిచెయ్యిని నలిపేస్తుందనేదీ నిజమే. రెండు నిజాలు ఒకే నోట్లోంచి వస్తే జనం తమకి సరదాగా ఉన్నదాన్ని ఏరుకుంటారు. రెండోది మిగతావాళ్లకి కనబడాలంటే మొదటిది నేను మింగాలి.

మింగడానికి కూడా చూశాను. మా ఇంట్లో మేడమీద గాలీ వెలుతురూ వచ్చే గది ఒకటుంది. మామయ్యగారు పోయిన దగ్గర్నుంచీ ఆ గది కోసం నాకూ అక్కకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది. ఒక సాయంత్రం వంటగదిలో తను ఒక్కతే ఉన్నప్పుడు వెళ్లి, పొయ్యి పక్కన నిలబడ్డాను.

“అక్కా, మేడమీద గది నువ్వు తీసుకో. నేను మళ్లీ నోరెత్తను.”

గరిటె ఆగింది. “ఏంటి విశేషం? సూర్యుడు ఎటు పొడిచాడు?”

“సుద్ద మానెయ్. అంతే. నీకు కాళ్లు మొక్కమంటే మొక్కుతాను.”

నన్ను కింద నుంచి పైకి చూసింది. చాలా దూరం చూడాలి పాపం. “సరే” అంది. నేను మొక్కలేదు గానీ, నిజంగా కళ్లు చెమర్చాయి. ఆ ఆదివారం తన బట్టలు, తన కుట్టుమిషను, తన కొడుకు పుస్తకాలు నేనే మేడమీదికి మోశాను. సోమవారం రెండో పీరియడ్‌కి తలుపు దగ్గర ఆగి చూస్తే, సుద్ద బటన్‌లోనే ఉంది.

“మాటిచ్చావుగా!”

“గది మా ఆయన పెద్దరికానికి వచ్చింది, నీ సుద్దముక్కకి కాదు” అంది అక్క, హాజరు పట్టీలోంచి తలెత్తకుండా. ముందు బెంచీ పిల్లలు నావైపు చూసి కిసుక్కున నవ్వారు.

ఆ రోజు నాకు వచ్చిన కోపం మాటల్లో చెప్పలేను. గది పోయినందుకు కాదని అంటే మీరు నమ్మరు. గది పోయినందుక్కూడా. కానీ ఆ పిల్లల్లో తొర్రిపళ్ల పాప ఒకతె ఉంది, ఎప్పుడూ ఏదో ఒకటి పడేసుకుని ఆ పొట్టి బల్ల దగ్గర దేవులాడుతూ ఉంటుంది. అక్క నవ్వుతున్నా, నేను తిడుతున్నా, ఆ పాప చేతులు మాత్రం ఎప్పుడూ బల్లమీదే ఉండేవి. నాకు రాత్రుళ్లు ఆ చేతులే గుర్తొచ్చేవి.

ఇక చేసేదేం లేక కాపలా కాయడం మొదలుపెట్టాను. నా పీరియడ్ అవగానే వెళ్లిపోకుండా, తెర అడుగుకి చేరేదాకా తలుపు బయట నిలబడేదాన్ని. నా తరవాతి క్లాసుకి రోజూ ఆలస్యం. దానికి హెడ్మాస్టర్ చేత చీవాట్లు. అక్క పిల్లలతో, “గుమ్మంలో కుక్క ఉంది, కరుస్తుంది, అటు చూడకండి” అనేది. కరవాలనే ఉండేది నాకు.

జరగాల్సింది ఒక శుక్రవారం జరిగింది. అక్క సుద్ద దోపి, వెళ్లి కుర్చీలో కూర్చుంది. తెర గుర్రుమంటూ దిగుతోంది. తొర్రిపళ్ల పాప రబ్బరు ముక్క దొర్లి బల్ల చివర గోడదాకా పోయింది. ఆ పిల్ల లేచి వెళ్లి, బల్లమీద బోర్లా వాలి, చెయ్యి మోచేతిదాకా లోపలికి చాపింది. నల్లటి అంచు ఆ చేతికి జానెడు పైన ఉంది.

“చెయ్యి తియ్యి!” అని అరిచాను. నా గొంతు మామూలుగానే గంటలా ఉంటుంది. ఆ అరుపుకి పాప బిక్కచచ్చిపోయి, చెయ్యి తీయడానికి బదులు తల తిప్పి నన్నే చూస్తూ ఉండిపోయింది. నేను ఒక్క అంగలో గోడ దగ్గరికి వెళ్లి సుద్ద పట్టుకుని లాగాను. పుటుక్కుమని విరిగింది. సగం నా చేతిలో ఉంది, సగం బటన్ సందులో ఇరుక్కుపోయింది. తెర ఆగలేదు. పై బటన్ నొక్కాను, పనిచెయ్యలేదు. గోళ్లతో పీకాను, రాలేదు.

అక్క ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. నేను తల తిప్పేసరికి బల్ల దగ్గరుంది. రెండు చేతులూ ఆ సందులోకి పెట్టి, పాప మణికట్టు పట్టుకుని, బావిలోంచి చేద లాగినట్టు లాగింది. పాప వెనక్కొచ్చి అక్క ఒళ్లో పడింది. అక్క కుడిచేతి రెండు వేళ్లు మాత్రం రాలేదు.

ఆ కేక నేను ఇంకెప్పుడూ వినకూడదు. వరండాలోకి పరుగెత్తి మెయిన్ స్విచ్ దించేశాను. మోటారు చప్పుడు ఆగింది. కానీ ఆగిన తెర పైకి లేవదు కదా, అక్క వేళ్లమీదే కూర్చుంది. తిరిగొచ్చి ఆ పొట్టి బల్ల కాలిని ఒక్క తన్ను తన్నాను. బల్ల కూలింది. అక్క వేళ్లు బయటికొచ్చాయి. నేను తన తల నా పొట్టకి ఆనించుకుని నిలబడ్డాను. “ముట్టుకోకు నన్ను” అంది అక్క. నేను వదల్లేదు.

ఒక గోరు ఊడింది. ఒక ఎముక చిట్లింది. వేళ్లు నిలుస్తాయని డాక్టరు చెప్పి, కట్టుకట్టి పంపాడు. పాపకి మోచేతిమీద గీత తప్ప ఏమీ కాలేదు.

మర్నాడు మమ్మల్నందరినీ హెడ్మాస్టర్ తన గదికి పిలిపించారు. అక్క కట్టుతో కూర్చుంది. పక్కన బావగారు. వాళ్ల వెనక, గోడకి అతుక్కుని మా ఆయన. బావగారు ఈ పదేళ్లలో నాతో పది మాటలు మాట్లాడి ఉండరు. ఆ రోజు నావైపు చూసిన చూపులో నిప్పులు కురిశాయి.

“అసలేం జరిగిందమ్మా?” అని అడిగారు హెడ్మాస్టర్, అక్కని.

“తను వచ్చి సుద్ద విరగ్గొట్టింది” అంది అక్క. “విరక్కపోతే నేను లేచి తీసేసేదాన్ని. తెర ఆగిపోయేది.”

అది అబద్ధం కాదు. అదే నా ఒళ్లు మండించింది. సుద్ద విరిగింది నా చేతిలోనే.

“సుద్ద పెట్టిందెవరు?” అన్నాను.

“ఇన్నాళ్లూ పెట్టింది, ఏమైనా అయ్యిందా?” అన్నారు బావగారు. “నువ్వు చెయ్యి పెట్టిన రోజునే అయ్యింది.”

హెడ్మాస్టర్ రెండు చేతులూ ఎత్తారు. “జరిగిందేదో జరిగింది. కరెంటు పనివాడొచ్చి సూదితో ఆ ముక్క తీసేశాడు. తెర కొత్తదానిలా ఉంది. సోమవారం తల్లిదండ్రులొస్తున్నారు. తెర పైకీ కిందికీ తిరగడం వాళ్లకి చూపించాలి. సుద్ద పెట్టరాదు అని బటన్ పక్కన ఒక కాగితం అంటిస్తాను. సరేనా?”

“సరిపోదండీ” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, మెల్లగా వినిపించింది. “అక్క కాకపోతే ఇంకొకరు పెడతారు. సుద్ద కాకపోతే అగ్గిపుల్ల. తెరని ఒక ఎత్తులో బిగించేసి మోటారు తీగ తీయించెయ్యండి. చిన్నపిల్లల ఎత్తులోనే బిగించండి, నేను వంగి చెప్పుకుంటాను.”

“చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడెందుకమ్మా? మీ ఇద్దరికీ పడకపోతే బంగారంలాంటి తెరని మూలపెట్టాలా? మీ ఇంటి గొడవకి బడి ఏం చేస్తుంది?”

మళ్లీ అదే. ఒక మనిషి వేళ్లు కట్టుతో ఆయన బల్లమీదే ఉన్నాయి, అయినా అదే మాట. ఆ గదిలో ఉన్నవాళ్లందరి మొహాలూ చూశాను. ప్రమాదం అంటే ఒక్కళ్లకీ భయం లేదు. నేనంటే మాత్రం ఉంది. నిచ్చెనలా పెరిగిన, నోటి దురుసు ఉన్న, తోడికోడలంటే పడి చావని ఆడది ఇంకేం చేస్తుందోనని బావగారు కుర్చీని నాకూ అక్కకీ మధ్యకి జరుపుకున్నారు. సోమవారం పాపలందరూ మళ్లీ ఆ బల్ల దగ్గరికి వెళతారు. నా దగ్గర మిగిలింది నా చెడ్డపేరొక్కటే. దాన్నే వాడాను.

“సరే. గొడవే” అన్నాను. “కావాలనే విరగ్గొట్టాను.”

మా ఆయన గోడని వదిలి ముందుకొచ్చాడు. “ఏం వాగుతున్నావే?”

“అక్క చెయ్యి నలగాలనే చేశాను. మేడమీద గది లాక్కుంది, ఊరుకుంటానా? ఒక చెయ్యి అయింది. ఆ బటన్ అక్కడున్నంతకాలం రెండోదాని కోసం చూస్తూనే ఉంటాను. సోమవారం తల్లిదండ్రుల ముందే చేస్తానేమో, నాకే తెలీదు.”

అక్క నోరు తెరుచుకుంది. హెడ్మాస్టర్ కళ్లజోడు తీశారు, తుడవడం మరిచిపోయారు.

“మీకు మతి ఉందా? మిమ్మల్ని ఈ క్షణమే ఉద్యోగంలోంచి తీసేస్తున్నాను!”

“తీసెయ్యండి. ఈ బడి కిటికీల్లో దేనికి గడియ లేదో నాకు తెలుసు. రోజుకో సుద్ద పారేసిన దాన్ని.”

బావగారు లేచి నిలబడ్డారు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. “విన్నారు కదండీ? ఇది పిచ్చిది! ఆ బటన్, ఆ మోటారు, అన్నీ ఇప్పుడే పీకించండి! లేకపోతే సోమవారం వచ్చిన ప్రతి తండ్రికీ గేటు దగ్గర నిలబడి నేనే చెబుతాను, ఈ బడిలో ఇలాంటిదాన్ని పెట్టుకున్నారని!”

నేను ఎన్ని వారాలు మొత్తుకున్నా ఒక్క మేకు కూడా కదల్చని హెడ్మాస్టర్, కరెంటు పనివాడి కోసం స్వయంగా వరండాలోకి పరుగెత్తారు. తెరని చిన్నపిల్లల ఎత్తులో ఆపారు. బల్లని బయటికి ఈడ్చేశారు. మోటారు తీగ కత్తిరించి, బటన్ల పెట్టె గోడలోంచి ఊడబెరికి, ఆ కన్నం సిమెంటుతో పూడ్చేశారు. అంతా అయ్యేదాకా నేను వరండాలో నిలబడే ఉన్నాను. సిమెంటు నున్నగా మెత్తడం కళ్లారా చూశాక నా సంచీ తీసుకుని బయటికొచ్చాను. మా ఆయన దారంతా నాకు నాలుగడుగులు ముందే నడిచాడు.

ఆ తరవాత ఇంట్లో నా బతుకు ఎలా ఉందో చెప్పక్కర్లేదు. అత్తయ్య నా చేతి మంచినీళ్లు తాగడం మానేసింది. అక్క కొడుకు నేను ఎదురైతే గోడకి ఒదిగి నడిచేవాడు. అది మాత్రం తట్టుకోలేకపోయాను. వాడికి చెప్పులేసుకోవడం నేర్పింది నేను. పెరట్లోకి వెళ్లి, పంపు వదిలి, ఆ చప్పుడులో ఏడ్చాను.

కట్టు విప్పిన రోజు అక్క వంటగదిలోకి వచ్చింది. వంకరపోయిన వేలితో గ్లాసు పట్టుకోవడం ఇంకా రావట్లేదు. నేను పట్టుకోబోతే వదల్లేదు.

“నువ్వు కావాలని విరగ్గొట్టలేదు” అంది.

నేను గిన్నె తోముతూనే ఉన్నాను.

“నీ మొహం చూశాన్నేను, లాగేటప్పుడు. ఆ రోజు హెడ్మాస్టర్ ముందు నోరు పడిపోయింది నాకు. ఎందుకు ఒప్పుకున్నావో ఇంటికొచ్చాక అర్థమైంది. ఇన్నాళ్లూ నిద్రపట్టి చావలేదు.” గ్లాసు కింద పెట్టింది. “రేపు పొద్దున్నే బడికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. నీ ఉద్యోగం నీకిస్తారు. నీ పాపం నాకెందుకు?”

“చెబితే ఏమవుతుంది?”

“చెప్పాగా, నిన్ను మళ్లీ...”

“తెరకి ఏమవుతుంది?”

అక్కకీ తెలుసు. పిచ్చి తోడికోడలు లేదని తేలిన మర్నాడే గోడకి మళ్లీ కన్నం పెడతారు, మళ్లీ తీగ కలుపుతారు, పక్కన ఒక కాగితం అంటిస్తారు.

గిన్నె పక్కన పెట్టి, తడిచేతులు చీరకి తుడుచుకుని, తన ఎదురుగా వచ్చి నిలబడ్డాను.

“ఒక్క ముక్క నోరు జారావా, రెండో చెయ్యి నిజంగానే విరగ్గొడతాను” అన్నాను.

పెళ్లై ఈ ఇంటికి వచ్చాక నా మాట అక్క విన్నది అదొక్కసారే. ఇప్పటికీ ఎవరైనా ఆ వంకర వేలు చూసి ఏమైందని అడిగితే, “మా తోడికోడలు చేసిన పనండీ, ఒట్టి రాక్షసి” అంటుంది. కళ్లు ఒత్తుకుని మరీ చెబుతుంది. విన్నవాళ్లందరూ నమ్ముతారు.